ముక్కలయ్యేందుకే చేసిన అద్దం

కార్ల పక్క అద్దాలకి పెట్టే పరీక్షల్లో ఒకటి వింటే విచిత్రంగా ఉంటుంది. అద్దాన్ని కావాలనే పగలగొడతారు. పగిలాక 5 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చదరం తీసుకుని, అందులో ఎన్ని ముక్కలు పడ్డాయో లెక్కపెడతారు. ఐరోపా దేశాలు పాటించే నియమం ప్రకారం కనీసం 40 ముక్కలుండాలి. తగ్గితే అద్దం ఫెయిలైనట్టే. పెద్ద ముక్క కత్తిలా దిగుతుంది, చిన్న ముక్క మహా అయితే గీరుకుంటుంది. అందుకని ఎంత నలిగితే అంత మంచి అద్దం అన్నమాట.

ఈ లెక్క వెనక మూడున్నర శతాబ్దాల కథ ఉంది. అందులో ఒక రాజకుమారుడున్నాడు, పారిస్‌లో సీసా జారవిడిచిన ఒక రసాయనవేత్త ఉన్నాడు, మన సుప్రీం కోర్టు ఉంది. ఆ పక్కనే, అద్దం పగిలిన ప్రతిసారీ వచ్చే ‘ఎవరు పగలగొట్టారు?’ అనే ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నకి మన దగ్గర వేరే చరిత్ర ఉంది. ఈ రెండు కథలూ నాకు కలిసిన చోటు బత్తలపల్లె.

*

బత్తలపల్లె అనంతపురం నుంచి కదిరి వెళ్ళే 42వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. వానొస్తే చుట్టూ వేరుశనగ చేలు, రాకపోతే ఎర్రమట్టి. బయటివాళ్ళకి ఈ ఊరి పేరు తెలిసింది ఎక్కువగా ఆర్డీటీ ఆస్పత్రి వల్ల. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన సంస్థ అది. 2000లో ఇక్కడ ఆస్పత్రి తెరిచింది. అప్పట్నుంచి చుట్టుపక్కల మండలాల జనం ఆటోల్లో, బస్సుల్లో ఈ ఊరికి వస్తూనే ఉన్నారు.

రెండేళ్ళ కిందట ఆ ఊరి పొలిమేరలో, హైవే పక్కన ఆపిన మా కారు ఎడమవైపు వెనక అద్దం పగలగొట్టి ఎవరో బ్యాగు తీసుకుపోయారు. సీటు మీద, కాళ్ళ దగ్గర, కల్లుప్పు ఒంపినట్టు ముక్కలు. ఒక్కటి కూడా చెయ్యి కోసేంత పదునుగా లేదు. ఇంజనీరింగ్ చదివినా, నాలుగు మిల్లీమీటర్ల లోపు మందం ఉన్న ఈ వస్తువు గురించి అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. తర్వాత కొన్ని నెలలు దాని గురించే చదివాను.

*

1660 ప్రాంతంలో ప్రిన్స్ రూపర్ట్ అనే రాజవంశీకుడు జర్మనీ వైపు నుంచి ఇంగ్లండుకి కొన్ని గాజు చుక్కలు తెచ్చి రెండో ఛార్లెస్ రాజుకి చూపించాడు. కరిగిన గాజుని చల్లటి నీళ్ళలోకి చుక్కలా వదిలితే అవి తయారవుతాయి. తలకప్పలా గుండ్రటి తల, సన్నటి తోక. తల మీద సుత్తితో కొట్టినా పగలదు. తోక చివర వేళ్ళతో చిదిపితే మాత్రం మొత్తం పొడైపోతుంది. రాజు వాటిని కొత్తగా పుట్టిన రాయల్ సొసైటీకి ఇచ్చాడు. అక్కడివాళ్ళు 1661లో వాటిని పరీక్షించారు గానీ, కారణం పూర్తిగా తేలలేదు. 1994లో కేంబ్రిడ్జ్‌లో చౌధ్రి, పర్డ్యూలో చంద్రశేఖర్ హైస్పీడ్ కెమెరాలతో ఫోటోలు తీసి చూపించారు: తోకలో మొదలైన బీట సెకనుకి ఒకటిన్నర కిలోమీటర్లకి పైబడిన వేగంతో తలదాకా పరుగెత్తుతుంది.

కిటుకు చల్లబడటంలో ఉంది. నీళ్ళు తగలగానే పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి గాజు ఇంకా మెత్తగా, వేడిగా ఉంటుంది. అది నెమ్మదిగా చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది. పైపొర అప్పటికే బిగుసుకుపోయింది కాబట్టి రానివ్వదు. దాంతో లోపలి భాగం పైపొరని తనవైపు లాక్కుంటూ ఉండిపోతుంది. పైపొర ఒత్తిడిలో, లోపలి గాజు లాగుడులో, రెండూ సరిసమానంగా. బీట విచ్చుకోవాలంటే ముందు ఆ ఒత్తిడిని దాటాలి, అందుకే మామూలు దెబ్బకి పగలదు. కానీ ఒక్క బీట పైపొరని దాటి లోపలికి చేరిందా, అక్కడ దాచిపెట్టుకున్న శక్తంతా ఒకేసారి బయటపడుతుంది.

ఫ్రాన్సులో డి ల బాస్తీ 1874లో దీన్ని పనికొచ్చే వస్తువుగా మార్చాడు. వేడి గాజుని నూనె తొట్టిలో ముంచి గట్టిపరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గ్లాసులు, దీపపు చిమ్నీలు చేశారు. కాకపోతే అవి అప్పుడప్పుడూ ఎవరూ ముట్టుకోకుండానే భళ్ళున పగిలేవట. ఇప్పటి కారు అద్దానికి నూనె లేదు. గాజుని 620 డిగ్రీల సెల్సియస్ పైన వేడిచేసి, వంచాల్సిన వంపు వంచి, రెండు వైపులా గాలి జెట్లతో కొడతారు. మామూలు గాజు కన్నా నాలుగైదు రెట్లు బలం వస్తుంది. రూపర్ట్ చుక్కనే పలకగా పరిచి మన కార్లో పెట్టారనుకోవచ్చు.

*

అసలు కార్లకి అద్దాలు మొదట్నుంచీ లేవు. తొలి కార్లు గుర్రబ్బండి బుద్ధితోనే పుట్టాయి: పైన మడతపెట్టే గుడ్డ, పక్కల ఏమీ లేదు. వానొస్తే గుడ్డ తెరలు దించుకోవాలి. అమెరికాలో 1919లో అమ్ముడైన కార్లలో పైనా పక్కలా మూసి ఉన్నవి పదింట ఒకటి. 1927కల్లా పదింట ఎనిమిది దాటాయి. ఎనిమిదేళ్ళలో మనుషులు గాజు గదిలో కూర్చుని ప్రయాణించడం మొదలుపెట్టారు. ఆ గాజు మామూలు కిటికీ గాజు. చిన్న ప్రమాదానికే ముఖాలు, గొంతులు తెగేవి.

పరిష్కారం పారిస్ నుంచి వచ్చింది. 1903లో ఎడువార్ బెనెడిక్టుస్ అనే రసాయనవేత్త చేతిలోంచి ఒక గాజు సీసా జారిపడింది. పగిలింది గానీ ముక్కలు చెదరలేదు. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర ముక్కల్ని పట్టి ఉంచింది. రెండు గాజు పలకల మధ్య అలాంటి పొర పెట్టి 1909లో పేటెంటు తీసుకున్నాడు, ‘ట్రిప్లెక్స్’ అని పేరు పెట్టాడు. కార్లవాళ్ళు ఖర్చని వెంటనే తీసుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు మాస్కుల కళ్ళద్దాలకి ముందు వాడారు. 1920ల చివర్లో ఫోర్డ్ తన మోడల్ ఏ కార్ల ముందద్దానికి తీసుకున్నాడు. 1930ల్లో మధ్య పొరకి పి.వి.బి. అనే మెరుగైన ప్లాస్టిక్ వచ్చింది. నేటికీ ముందద్దం ఇలాంటిదే. రాయి తగిలితే సాలెగూడులా బీటలు వస్తాయి, ఊడిపడదు.

మరి పక్క అద్దాలకి అదే ఎందుకు పెట్టలేదు? ఇప్పుడు కొన్ని ఖరీదైన కార్లకి పెడుతున్నారు. మామూలు కార్లలో మాత్రం గట్టిపరిచిన గాజే. ఖర్చు తక్కువ అన్నది ఒక కారణం. ఇంకోటి, కారు చెరువులో పడ్డా, మంటలంటుకున్నా, తలుపులు బిగుసుకుపోయినా లోపలివాళ్ళు పక్క అద్దం పగలగొట్టుకుని బయటికి రావచ్చు, బయటివాళ్ళు లాగొచ్చు. ముందద్దం మనిషిని లోపల ఉంచడానికి, పక్క అద్దం బయటికి వదలడానికి. చిన్న గట్టి మొనతో ఒక మూల పొడిస్తే చాలు, మొత్తం రాలిపోతుంది. ఆ పొడిచేది కాపాడ్డానికొచ్చినవాడా, దొంగా అన్నది గాజుకి తెలీదు. మనకి ప్రాణరక్షణ కోసం పెట్టిన దారినే దొంగ వాడుకుంటున్నాడు. డిజైన్లో లోపం కాదిది, తెలిసి ఒప్పుకున్న బేరం.

*

పాత అంబాసిడర్ కార్లో ముందు తలుపుకి ముక్కోణపు చిన్న అద్దం వేరే ఉండేది. అది పగిలితే ఊళ్ళో ఫోటో ఫ్రేముల కొట్టువాడు కూడా కొలత తీసుకుని మామూలు గాజు కోసి బిగించేవాడని మా నాన్న చెప్పేవాడు. ప్రమాదమే గానీ పని జరిగిపోయేది. గట్టిపరిచిన గాజుతో అది కుదరదు. ముందే కోసి, రంధ్రాలు వేసి, ఆ తర్వాతే వేడిచెయ్యాలి. ఒకసారి గట్టిపడ్డాక వజ్రపు కలం పెడితే మొత్తం ముక్కలే. అంటే ప్రతి మోడల్‌కీ ప్రతి తలుపుకీ విడివిడిగా, ఫ్యాక్టరీలోనే తయారవ్వాలి.

మన దేశంలో ఆ మార్పు మారుతితో వచ్చింది. మొదటి మారుతి 800 తాళాలు 1983 డిసెంబరులో ఇచ్చారు. జపాన్ అసాహీ కంపెనీ, మారుతి భాగస్వాములుగా అసాహీ ఇండియా 1980ల మధ్యలో పుట్టింది. కరిగిన తగరం మీద గాజుని తేలించి నున్నగా పరిచే ఫ్లోట్ పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటిస్తే, ఆ కొలుములు మన దేశంలో 1990ల్లో వచ్చాయి. కారు అద్దం మూలన తెల్లగా చెక్కిన చిన్న గుర్తులుంటాయి కదా, కంపెనీ పేరు, ప్రమాణం నంబరు, అవన్నీ ఈ చరిత్ర మిగిల్చిన ముద్రలే.

బత్తలపల్లెలో రాత్రి ప్లాస్టిక్ కవరు, టేపు అంటించుకుని, పొద్దున్నే అనంతపురంలో ఒక మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మిగిలిన అద్దాల మూలన ఆ గుర్తులు చూసి ఫోన్లో ఎవరికో చదివాడు. “బెంగుళూరు నుంచి రావల్ల సార్, రాత్రి బస్సుకి వేస్తారు” అన్నాడు. బత్తలపల్లె ఉన్న జిల్లాలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏడాదికి లక్షల కార్లు తయారుచెయ్యగల కియా ఫ్యాక్టరీ 2019 నుంచి నడుస్తోంది. మా కారు ఆ కంపెనీది కాదు, కాబట్టి మా అద్దానికి మాత్రం రాష్ట్రం దాటాల్సిందే.

మర్నాడు పని చూశాను. “అద్దం ఎక్కించేది పది నిమిషాలు. ముక్కలు తీసేదే గంట సార్” అన్నాడాయన. తలుపు లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ ఊడదీశాడు. పగిలిన గాజులో బోలెడంత తలుపు అడుగున చేరింది. అది అక్కడే ఉండిపోతే వాన నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుని తలుపు తుప్పుపడుతుందట, అద్దం దించినప్పుడల్లా గరగరమంటుందట. వాక్యూమ్ పెట్టి లాగాడు. రబ్బరు గాడిలో ఇరుక్కున్న పలుకుల్ని స్క్రూడ్రైవరుతో ఒక్కోటీ తీశాడు. కొత్త అద్దాన్ని ఏటవాలుగా పైనుంచి దించి, రెగ్యులేటరుకి రెండు బోల్టులు బిగించి, స్విచ్ నొక్కి మూడుసార్లు పైకీ కిందకీ ఆడించాడు. “కొన్ని ముక్కలు సీట్ల సందుల్లో ఉంటాయి, సంవత్సరం దాకా దొరుకుతానే ఉంటాయి” అని నవ్వాడు. నిజమే, దొరికాయి.

*

అద్దం బిగించాక ఆయన ఇంకో మాటన్నాడు: “మునుపు నల్ల ఫిల్మ్ ఉండేటప్పుడు లోపల ఏముందో కనపడేది కాదు సార్.”

దానికీ ఒక తేదీ ఉంది. 2012 ఏప్రిల్ 27న, అవిషేక్ గోయెంకా వేసిన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు కార్ల అద్దాల మీద ఫిల్ములు అంటించడాన్ని ఆపెయ్యమంది. 1989 మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు దాటాలి. వాదన ఏమిటంటే, నల్లద్దాల వెనక నేరాలు జరుగుతున్నాయి, కాబట్టి లోపలున్నవాళ్ళు కనపడాలి. జడ్ ప్లస్, జడ్ కేటగిరీ భద్రత ఉన్నవాళ్ళకి మాత్రం మినహాయింపుకి దారి ఉంచారు. 2024లో కేరళ హైకోర్టు, వెలుతురు శాతం తగ్గనంతవరకూ ప్రమాణాలకి సరిపోయే ఫిల్ము అంటించుకోవచ్చని తీర్పిచ్చింది.

ఫిల్ములు కావాలా వద్దా అన్నది వేరే చర్చ. ఆ వాదన వెనకున్న ఆలోచన నన్ను ఆపింది: కనపడనివాడు అనుమానితుడు, కాబట్టి అందర్నీ కనపడేలా చెయ్యి. ఈ ఆలోచన మన రాజ్యానికి కార్లతో పుట్టలేదు.

*

అద్దం పగిలిన సాయంత్రం టీకొట్టు దగ్గర చేరినవాళ్ళలో ఒక పెద్దాయన, చూసినట్టే, ఇది ఫలానావాళ్ళ పని అన్నాడు. ఒక కులం పేరు చెప్పాడు. ఇద్దరు ముగ్గురు తలూపారు. ఎవరూ ఏమీ చూడలేదు. తర్వాత బెంగుళూరులో నా ఆఫీసు మిత్రుడికి చెబితే అతను తమిళనాడులో ఒక పేట పేరు చెప్పాడు. గుంటూరు నుంచి వచ్చిన ఇంకొకడు ‘స్టువర్ట్‌పురం బ్యాచా?’ అని నవ్వాడు. ముగ్గురికీ జవాబు ముందే తెలుసు. అద్దం ఎలా పగులుతుందో తెలుసుకోవడానికి సైన్సుకి మూడు వందల ఏళ్ళు పట్టింది. ఎవరు పగలగొట్టారో చెప్పడానికి టీ చల్లారేంతసేపు పట్టలేదు.

ఆ జవాబుని తయారుచేసిన చట్టం 1871 నాటిది: క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే నేరస్తులు అని ప్రభుత్వం ప్రకటించవచ్చు. మొదట ఉత్తరాదిన అమలైంది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ప్రకటించిన తెగలవాళ్ళు పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్ళాలి.

తెలుగు నేల మీద దీనికి బలైనవాళ్ళలో ముఖ్యులు ఎరుకలవాళ్ళు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో రాసిన ‘డిసాన్నర్డ్ బై హిస్టరీ’లో వీళ్ళ కథ వివరంగా ఉంది. వీళ్ళు దొంగలుగా మొదలవ్వలేదు, వ్యాపారులు. కోస్తా నుంచి ఉప్పు ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి జిల్లాలకి తెచ్చి, ధాన్యం మార్చుకుని వెళ్ళేవాళ్ళు. బళ్ళు పోలేని ఊళ్ళకి ఉప్పు అందింది వీళ్ళ వల్లే. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైళ్ళు వచ్చి ఆ సరుకు రవాణాని మింగేశాయి. ఉప్పు మీద ప్రభుత్వ పట్టు, పన్ను బిగిశాయి. 1882 మద్రాసు అడవి చట్టంతో బుట్టలల్లే వెదురుకి, పశువుల మేతకి ఆంక్షలొచ్చాయి. మధ్యలో 1876-78 కరువు. అప్పటికి అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగం, ఆ కరువు దెబ్బ గట్టిగా తిన్న ప్రాంతాల్లో ఇదొకటి. బతుకుతెరువు పోయి తిరుగుతున్న మనుషుల్ని చూసి ప్రభుత్వం ‘తిరుగుతున్నారు కాబట్టి దొంగలు’ అని రాసుకుంది.

1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి బాపట్ల దగ్గర ఒక సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలోని అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. అదే స్టువర్ట్‌పురం. సంస్కరణ పేరుతో మనుషుల్ని ఒకచోట ఉంచారు. వాళ్ళ శ్రమ చీరాల పొగాకు ఫ్యాక్టరీకి అక్కరకొచ్చింది. మద్రాసులో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ దాని చోటుకి ‘అలవాటుపడ్డ నేరస్తుల’ చట్టాలొచ్చాయి. మనకి 1962లో వచ్చింది.

పేరు మాత్రం పోలేదు. 1991లో ఒక్క ఏడాదే స్టువర్ట్‌పురం పేరుతో రెండు తెలుగు సినిమాలొచ్చాయి. జాషువా కూతురు హేమలత, ఆమె భర్త లవణం 1970ల నుంచి ఆ ఊళ్ళో మనుషులతో కూర్చుని చేసిన పని మీద అలాంటి సినిమా రాలేదు. 2024 అక్టోబరులో సుప్రీం కోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పనులివ్వడం, విముక్త జాతులవాళ్ళని అలవాటు నేరస్తులుగా చూడటం రాజ్యాంగ విరుద్ధమని చెప్పాల్సి వచ్చింది. చట్టం రద్దయి డెబ్బై రెండేళ్ళయ్యాక కూడా జైలు మాన్యువళ్ళలో ఆ రాతలు మిగిలే ఉన్నాయి. తలుపు అడుగున చేరిన గాజులాగే, పైకి కనపడదు, కదిపితే గరగరమంటుంది.

దొంగతనాలు లేవని, అద్దాలు పగలగొట్టే ముఠాలు లేవని నేననడం లేదు. నా బ్యాగు నిజంగానే పోయింది, కోపం కూడా వచ్చింది. కానీ ఒక ముఠా వేరు, ఒక కులం వేరు. ముఠాని పట్టుకోవాలంటే సాక్ష్యం కావాలి. కులానికి అదేం అక్కర్లేదు, పేరు చాలు. పేరు చెప్పేశాక ఇంక వెతకడం కూడా ఆగిపోతుంది.

మన ఇన్సూరెన్సు పాలసీల్లో ఒక మంచి నియమం ఉంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగం విలువ తరుగుదల కింద కోస్తారు గానీ, గాజుకి ఏమీ కొయ్యరు. ఎంత పాత అద్దమైనా కొత్తదాంతో సమానమే. క్లెయిము కోసం పోలీసు కాగితం కావాలి. అలాంటి కాగితాల్లో ఎప్పుడూ కనపడే మాట ఒకటుంది, వార్తల్లో చదివి చదివి మనం పట్టించుకోవడం మానేసిన మాట: ‘గుర్తు తెలియని వ్యక్తులు’. నా కాగితంలోనూ అదే ఉంది. 1871లో ఆ చట్టం రాసినవాళ్ళు లక్షలమంది విషయంలో ఒప్పుకోలేకపోయింది ఆ రెండు ముక్కల్నే. తెలియదని రాయడం, వ్యక్తులు అని రాయడం.